నాయకునికి మనసెరిగే నేర్పు

పాల సంఘానికి కావలసిన సామాగ్రి పట్టిక వ్రాయమంటే మన సభ్యులలో ఎవరైనా వ్రాయగలరు. క్యాన్లు, కొలపాత్రలు, లాక్టోమీటరు, వెన్న పరీక్ష యంత్రం, రిజిస్టర్లు, రశీదు పుస్తకాలు. ఇవన్నీ ఉన్న సంఘాలు కొన్ని నాలుగేళ్లకే చతికిలబడుతున్నాయి. ఇంతకన్నా తక్కువ సామాగ్రితో మొదలైన సంఘాలు కొన్ని తరాలుగా నడుస్తున్నాయి. తేడాకు కారణాలు అనేకం ఉండవచ్చును. అయితే ఏ పట్టికలోనూ కనిపించని కారణం ఒకటున్నది. అది సంఘ అధ్యక్షుడు, కార్యదర్శి, పాలకవర్గ సభ్యులు సాటి మనుషుల మనసును ఎరిగి నడుచుకొనే తీరు. ఈ సంచికలో ఆ విషయాన్ని గురించి కొంత వివరంగా తెలుసుకుందాం.

ఈ సంగతి పాల సంఘానికి ఎందుకు అంత ముఖ్యమో ముందుగా చూద్దాం. చెరకు రైతుకు ఫ్యాక్టరీతో ఏడాది పొడుగునా ముడి ఉంటుంది. ఆయన పొలం ఏ ఫ్యాక్టరీ పరిధిలో ఉన్నదో ముందే నిర్ణయమై ఉంటుంది. కోత పర్మిట్ వచ్చేదాకా ఆగాలి. కోపం వచ్చినా ఆ పూటకు చేయగలిగేది తక్కువ. పాల సభ్యుని సంగతి వేరు. సాయంత్రం కేంద్రం దగ్గర మాట పడితే, మరునాటి తెల్లవారుజామున ఆయన చెంబు ప్రైవేటు వ్యాపారి బండి దగ్గర ఉంటుంది. రాజీనామా పత్రం ఇవ్వడు, కారణం చెప్పడు, ఊరికే రావడం మానేస్తాడు. అందుచేత సహకార సంఘ నాయకుడు రోజుకు రెండుసార్లు, ప్రతి సభ్యుని దగ్గర, నమ్మకాన్ని మళ్లీ సంపాదించుకోవలసినవాడే.

ఈ నేర్పు అనగా ఏమి?

మనుషుల మనోభావాలను గుర్తించి, వాటిని తెలివితో నడిపించడం కూడా ఒక రకపు ప్రజ్ఞే అని అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞులు పీటర్ సాలొవే, జాన్ మేయర్ 1990లో ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ వ్రాసిన పుస్తకంతో ఈ భావన లోకమంతటా వ్యాపించింది. దీనిని తెలుగులో భావోద్వేగ ప్రజ్ఞ అంటున్నారు. గోల్‌మన్ చెప్పిన అయిదు అంగాలను మన మాటల్లో ఇలా చెప్పుకోవచ్చును.

1. తన మనసు తాను ఎరగడం. ఇప్పుడు నాకు కోపంగా ఉన్నదా, భయంగా ఉన్నదా, అవమానంగా ఉన్నదా అని గుర్తించగలగడం.

2. తనను తాను అదుపులో పెట్టుకోవడం. వచ్చిన కోపాన్నంతా నోటి వెంట రానీయకపోవడం.

3. పని మీద నిలకడైన ఆసక్తి. మెప్పు వచ్చినా రాకపోయినా చేపట్టిన పనిని సాగించడం.

4. ఎదుటివారి బాధను వారి స్థానంలో నిలిచి అర్థం చేసుకోవడం.

5. నలుగురిని కలుపుకొనిపోయే చాకచక్యం.

ఇవి పుట్టుకతో వచ్చే గుణాలని చాలామంది అనుకుంటారు. కొందరికి కొంత సహజంగా ఉండే మాట నిజమే. అయినా వెన్న పరీక్ష చేయడం నేర్చుకున్నట్లే వీటిని కూడా అభ్యాసంతో చాలావరకు అలవరచుకోవచ్చును.

మన ప్రాంతపు పరిస్థితి

మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ కాలువ నీటితో చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడి, బోధన్ పక్కన శక్కర్‌నగర్ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా అది పేరు పొందింది. నీటిని చూసి కోస్తా జిల్లాల నుండి రైతులు వచ్చి భూములు కొనుక్కున్నారు. బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూరు ప్రాంతాలలో వారి క్యాంపులు నేటికీ ఉన్నాయి. సరిహద్దు అవతల మహారాష్ట్ర. అందుచేత ఇక్కడి పాల కేంద్రం దగ్గర ఒకే వరుసలో తెలంగాణ తెలుగు, కోస్తా తెలుగు, ఉర్దూ, మరాఠీ వినిపించడం వింత కాదు.

2002లో ఆ ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. చెరకు నడిచినంత కాలం ఏడాదికొకసారి పెద్ద మొత్తం చేతికి వచ్చేది, కోత కాలంలో చెరకు ఆకు పశువులకు మేతగా దొరికేది. ఫ్యాక్టరీ ఆగిన తరువాత చాలామంది వరి వైపు మళ్లారు. పంట ఏదైనా దాని డబ్బు కోతల తరువాతే వస్తుంది. నడుమ నెలల్లో పిల్లల ఫీజులకు, కిరాణా దుకాణానికి, మందులకు పాల బిల్లే ఆధారమైన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంటి నుండి వచ్చిన సభ్యురాలు పాయింటు తగ్గిందని గొంతు పెంచితే, దాని వెనుక ఉన్నది ఆ ఇంటి దినవెచ్చం. ఈ సంగతి తెలిసిన కార్యదర్శి ఆ గొంతును ఒక విధంగా వింటాడు. తెలియనివాడు మరొక విధంగా వింటాడు.

ఒక్క పాయింటు విలువ ఎంత?

లెక్క కోసం కిలో వెన్నకు 800 రూపాయల ధర అనుకుందాం. ఒక సభ్యురాలు పూటకు 4 కిలోల బర్రె పాలు పోస్తున్నది. 7 శాతం వస్తే వెన్న 280 గ్రాములు, ధర 224 రూపాయలు. 6 శాతం వస్తే వెన్న 240 గ్రాములు, ధర 192 రూపాయలు. పూటకు 32 రూపాయల తేడా. పదిహేను రోజులకు 30 పూటలు. అనగా బిల్లులో 960 రూపాయలు తగ్గుతాయి. టెస్టర్‌కు అది ఒక అంకె మాత్రమే. ఆమెకు అది నెలసరి చీటీ వాయిదా కావచ్చును.

డబ్బును మించిన బాధ మరొకటి కూడా ఇందులో ఉన్నది. పాయింటు పడిపోయిందని పదిమందిలో చదివితే, నీళ్లు కలిపావని పదిమందిలో అన్నట్లే ఆమెకు వినిపిస్తుంది. అనేక కేంద్రాలలో తగాదా మొదలయ్యేది ఇక్కడే.

"నిన్న ఆరున్నర వచ్చె, ఇయ్యాల అయిదేనా? నేనేమన్న నీళ్లు కలిపిన్నా?" అని అవ్వ అడిగింది అనుకుందాం.

"మిషన్ అబద్ధం చెప్తదా అవ్వా? నువ్వెట్ల తెస్తే అట్లనే వస్తది" అని టెస్టర్ అంటే మాటలో అబద్ధం లేకపోవచ్చును. కాని అవ్వ చెవికి అది దొంగ అన్న మాటే. ఆ మాటతో ఒక సభ్యురాలు పోవచ్చును. ఆమెతో పాటు ఆమె వాడకట్టులోని నాలుగిళ్లు పోవచ్చును.

"ఆగు అవ్వా, నీ ముందర్నే మళ్ల చూస్త. ఇయ్యాల బర్రె మంచిగ చేపిందా? దూడ ఎక్కువ తాగిందా?" అంటే సంగతి వేరుగా ఉంటుంది. యంత్రం మళ్లీ అయిదే చూపించవచ్చును. ధర కూడా మారదు. కాని అవ్వ అవమానంతో ఇంటికి పోదు, కారణం వెతుక్కుంటూ పోతుంది.

కారణాలు నిజంగానే అనేకం ఉంటాయి. మొదటి ధారలలో వెన్న తక్కువ, చివరి ధారలలో ఎక్కువ. చివరి పాలు దూడకు వదిలితే కేంద్రానికి పలుచని పాలే వస్తాయి. రెండు పూటల నడుమ వ్యవధి ఎక్కువైతే పాలు పెరిగి వెన్న శాతం తగ్గుతుంది. అందుచేతనే చాలా ఇళ్లలో ఉదయపు పాలకు పాయింటు తక్కువ. ఎండుగడ్డి తగ్గి, లేత పచ్చిమేత ఒక్కసారిగా ఎక్కువైనా శాతం పడిపోతుంది. ఇక కేంద్రంలో పాలను బాగా కలియబెట్టకుండా నమూనా తీస్తే, పైకి తేలిన వెన్న వల్ల ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ వస్తుంది. గెర్బర్ పద్ధతిలో 10 మిల్లీలీటర్ల ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు అని కొలత ఖచ్చితంగా చెప్పినది ఊరికే కాదు. యంత్రంతో పరీక్షించే చోట కూడా దానిని శుభ్రపరచడం, సరిచూడడం అంతే అవసరం. కాబట్టి సభ్యురాలి అనుమానాన్ని అవమానంగా తీసుకోకుండా ఒక సమాచారంగా తీసుకొన్న టెస్టర్‌కు తన పరికరంలోని లోపం కూడా ముందుగా తెలుస్తుంది.

కోపం గురించి బర్రె చెప్పే పాఠం

పాడి చేసేవారందరికీ తెలిసిన విషయమే. కొత్త మనిషి కూర్చుంటే బర్రె చేపదు. కొట్టినా, కుక్క మొరిగినా, కొట్టంలో కేకలు వేసుకున్నా చేపదు. ఎందుచేత? దూడ మూతి తగిలినప్పుడు, పొదుగు కడిగి నిమిరినప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలను కిందికి దించుతుంది. దాని ప్రభావం కొద్ది నిమిషాలు మాత్రమే. పశువు బెదిరితే అడ్రినలిన్ అనే మరొక హార్మోన్ వచ్చి ఆ పనికి అడ్డు తగులుతుంది. పొదుగులో పాలున్నా దిగవు. నిలిచిపోయేవి చివరి పాలు, అంటే వెన్న ఎక్కువగా ఉన్న పాలు.

మనిషిలోనూ ఆ అడ్రినలినే పనిచేస్తుంది. కోపం రాగానే గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పెరుగుతుంది, చెవికి మాట సరిగా ఎక్కదు. ఆ క్షణంలో ఎంత న్యాయమైన లెక్క చెప్పినా సభ్యునికి దిగదు. చెప్పే నాయకునికి కూడా మంచి మాట దొరకదు. కావున మొదట చేయవలసిన పని వాదించడం మానడం. మంచినీళ్లు ఇవ్వడం, కూర్చోబెట్టడం, "ఈ పూట పాలు పోసుకోనీ, తరువాత ఇద్దరం కూర్చుందాం" అనడం పిరికితనం కాదు. కొట్టంలో బర్రె కుదుటపడేదాకా ఆగే మనం, కేంద్రంలో మనిషి కుదుటపడేదాకా ఆగలేమా?

ఇంకొక సంగతి. కేంద్రంలో అవమానపడిన మనిషి ఆ కోపాన్ని ఇంటికి మోసుకొనిపోతాడు. అది ఇల్లాలి మీద, కొట్టంలోని పశువు మీద పడుతుంది. మరునాడు పాయింటు ఇంకా తగ్గుతుంది. కేంద్రంలో జారిన మాట తిరిగి పాల క్యానులోకే వచ్చి చేరుతుందన్న మాట.

నాయకులు అలవరచుకోవలసిన పద్ధతులు

పూర్తిగా వినడం. సభ్యుడు మాట మొదలుపెట్టగానే మన మనసులో జవాబు తయారవుతూ ఉంటుంది. జవాబు తయారు చేసుకొనేవాడు వినడు. విన్న తరువాత, "నువ్వు చెప్పేది ఇది కదా" అని ఆయన మాటనే తిరిగి చెప్పి చూడండి. తప్పుగా విన్నదుంటే అక్కడే సరవుతుంది. సరిగా విన్నారని తెలిస్తే సగం కోపం అక్కడే తగ్గుతుంది.

పిలుపులో జాగ్రత్త. మన జిల్లా పల్లెల్లో పెద్దవారిని కూడా నువ్వు అనడం ఆప్యాయత. క్యాంపు నుండి వచ్చిన రైతుకు మీరు, గారు అలవాటు. ఆయనకు నువ్వు అన్న పిలుపు చిన్నతనంగా తోచవచ్చును. ఇటువైపు మనిషికి మీరు అంటే దూరం పెట్టినట్లు తోచవచ్చును. ఒకరు పటేలా అంటే సంతోషిస్తారు, ఒకరు అన్నా అంటే, మరొకరు భాయి అంటే. ఎవరిని ఎట్లా పిలవాలో వారినే గమనించి తెలుసుకోవాలి. కులాన్ని బట్టి, ఎకరాలను బట్టి పిలుపు మార్చడం మాత్రం సహకార సంఘంలో ఎన్నటికీ పనికిరాదు.

చెడు వార్తను ముందుగా చెప్పడం. ధర తగ్గినా, బిల్లు ఆలస్యమైనా, ఎండాకాలంలో బండి రాక ఆలస్యమై పాలు విరిగి తిరిగి వచ్చినా సభ్యులు భరించగలరు. దాచిపెట్టి, వారు మరొకరి నోట విన్న తరువాత చెబితే భరించలేరు. బిల్లు రాదని తెలిసిన నాడే బోర్డు మీద వ్రాయాలి. ఎందుకు రాలేదో, మళ్లీ ఎప్పుడు సమాచారం ఇస్తామో కూడా వ్రాయాలి. సెల్‌ఫోనులో సందేశం పంపే సౌకర్యం ఉన్నా, చదవలేని సభ్యులకు నోటితో చెప్పడం మరువరాదు.

మెప్పు నలుగురిలో, మందలింపు చాటున. శుభ్రమైన పాత్రతో వచ్చిన సభ్యురాలిని వరుసలో అందరూ వింటుండగా మెచ్చుకోండి. పాత్ర వాసన వస్తున్నదని చెప్పవలసినప్పుడు పక్కకు పిలిచి చెప్పండి.

మౌనంగా ఉన్నవారిని గమనించడం. సర్వసభ్య సమావేశంలో గట్టిగా మాట్లాడేవారు నలుగురే ఉంటారు. ఎన్నో ఇళ్లలో గడ్డి కోయడం, పేడ తీయడం, పాలు పిండడం ఆడవారి పని. సభ్యత్వం మాత్రం భర్త పేర ఉంటుంది. పశువు సంగతి తెలిసిన మనిషి సమావేశంలో వెనుక కూర్చుంటే సంఘానికి సరియైన సలహా ఎక్కడి నుండి వస్తుంది? "అక్కా, దాణా సంగతి నువ్వు చెప్పు" అని పేరు పెట్టి అడగాలి. వారం రోజులు పాలు తేని సభ్యుని ఇంటికి పోయి, బర్రె వట్టిపోయిందా, రోగం వచ్చిందా, మా మీద అలిగినావా అని అడగడం కూడా నాయకుని పనే.

మెతకదనం వేరు

మనసెరిగి నడవడమంటే అందరికీ తల ఊపడమని కొందరు పొరబడతారు. నీళ్లు కలిపిన పాలను మొగమాటానికి తీసుకుంటే, కలపని సభ్యులందరి మనసును కష్టపెట్టినట్లే. కల్తీ రుజువైనప్పుడు పాలు త్రిప్పి పంపవలసిందే. అయితే ఆ పని చేసే తీరు రెండు విధాలు. "నువ్వు దొంగవు" అనడం ఒకటి. "ఈ పాలు తీసుకోలేను, నియమం నాకూ నీకూ ఒకటే" అనడం రెండవది. మొదటిది మనిషిని త్రోసివేస్తుంది. రెండవది తప్పును త్రోసివేసి మనిషికి తిరిగి వచ్చే దారి ఉంచుతుంది. ఆ నియమం అధ్యక్షుని ఇంటి పాలకు కూడా వర్తిస్తున్నదని సభ్యులు కళ్లారా చూసినప్పుడే ఆ మాటకు బలం వస్తుంది. అధ్యక్షుని పాలను వరుస తప్పించి తీసుకొనే కేంద్రంలో ఎంత తీపి మాటైనా చెల్లదు.

పెద్దల నడవడి నుండి

1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు వ్యాపారుల దోపిడీకి ఎదురు నిలిచి పదిహేను రోజులు పాలు అమ్మడం మానివేశారు. ఆ డిసెంబరులోనే వారి సహకార యూనియన్ రిజిస్టరయింది. దానికి తొలి అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్. ఊరూరా తిరిగి రైతుల మాట విని వారి నమ్మకాన్ని పొందిన మనిషి ఆయన. 1949లో ఆనంద్‌కు వచ్చిన వర్గీస్ కురియన్ ప్రభుత్వ ఉద్యోగం వదిలి వెళ్లిపోదామనుకుంటున్నప్పుడు, యంత్రాలు సరిచేసేదాకా ఉండమని అడిగి ఆపినది కూడా ఆయనే. ఒకరిది రైతుల మనసెరిగిన అనుభవం, మరొకరిది సాంకేతిక విద్య. అధ్యక్షుడు తనకు తెలియనిది తెలిసినవానికి చోటిచ్చాడు. ఆ పొత్తు నుండే అమూల్ పెరిగింది. ఆనంద్ సంఘాలలో పాలు పోసేందుకు అన్ని కులాలవారూ వచ్చిన క్రమంలో ఒకే వరుసలో నిలబడడం ఆనాటి గ్రామానికి చిన్న విషయం కాదు.

మన రాష్ట్రంలో ముల్కనూరు సహకార సంఘం 1956లో మొదలైంది. దానిని చాలా ఏళ్లు నడిపించిన ఎ.కె. విశ్వనాథరెడ్డి పేరు సహకార రంగంలో అందరికీ తెలిసినదే. అదే ముల్కనూరులో మహిళా పాల సహకార డెయిరీ 2002లో పని ప్రారంభించి, స్వకృషి పేరుతో పాలు అమ్ముతున్నది. డెయిరీకి ముందే అక్కడి మహిళలు పొదుపు సంఘాలలో కూర్చుని అప్పు ఎవరికివ్వాలి, వాయిదా తప్పినవారితో ఎట్లా మాట్లాడాలి అన్నవి నేర్చుకున్నారు. నాయకత్వం చిన్న సమావేశాలలో అభ్యాసమయ్యే విద్య అని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అవసరం లేదు.

అభ్యాసం ఎట్లా?

పదిహేను రోజుల బిల్లు పంచిన నాటి సాయంత్రం అధ్యక్షుడు, కార్యదర్శి, టెస్టర్ పది నిమిషాలు కూర్చుని ఈ అయిదు ప్రశ్నలు వేసుకొనవలసిందిగా సూచిస్తున్నాము.

1. ఈ పక్షంలో మనకు కోపం వచ్చిన సందర్భం ఏది? ఆ కోపానికి ముందు ఏమి జరిగింది?

2. పదిమందిలో ఎవరి మనసైనా నొచ్చిందా? వారింటికి ఎవరు పోయి మాట్లాడాలి?

3. పాలు తేవడం తగ్గించిన సభ్యులు ఎవరు? కారణం వారిని అడిగామా, మనమే ఊహించుకున్నామా?

4. చెప్పవలసిన వార్త ఏదైనా దాచామా?

5. ఎవరిని మెచ్చుకోవలసి ఉండి మరిచాము?

జవాబులను మినిట్సు పుస్తకంలో వ్రాయనవసరం లేదు. మూడవ ప్రశ్నకు జవాబు మాత్రం పాల రిజిస్టరులోనే దొరుకుతుంది. ఏ సభ్యుని గడులు వరుసగా ఖాళీగా ఉన్నాయో చూస్తే చాలు.

సభ్యులకు కూడా ఒక మనవి. టెస్టర్ కూడా మన ఊరి బిడ్డే. తెల్లవారుజామున మనకంటే ముందు లేచి, ఆమ్లం సీసాల నడుమ పనిచేసి, అందరి మాట పడేది ఆయనే. అనుమానం ఉంటే మళ్లీ పరీక్షించమని అడిగే హక్కు మీకున్నది. ఆ హక్కును మర్యాదతో వాడితే అది సంఘానికి మేలు చేస్తుంది. ఫిర్యాదును వరుసలో కేకవేయకుండా పాలకవర్గానికి చెప్పండి. అక్కడ జవాబు రాకపోతే సర్వసభ్య సమావేశంలో లేచి అడగండి.

మన ప్రాంతంలో పెద్ద ఫ్యాక్టరీ మూతపడటం కళ్లారా చూశాము. దానిని నిలపడం పల్లె రైతు చేతిలో లేకపోయింది. మన పాల సంఘం విషయంలో చాలా భాగం మన చేతిలోనే ఉన్నది. వచ్చే పక్షం బిల్లు రోజున పై ప్రశ్నలతో మొదలుపెట్టవలసిందిగా సంఘాల అధ్యక్షులను, కార్యదర్శులను కోరుతున్నాము.